కొండవీడు: నీళ్ల వెంట ఒక నడక

కొండవీడు చూడాలనుకునేవాళ్లు కొండ దగ్గర మొదలుపెట్టకూడదు. ఫిరంగిపురం దగ్గరున్న అమీనాబాద్‌లో మొదలుపెట్టాలి. ఘాట్ రోడ్డు పడ్డాక గుంటూరు నుంచి కారులో బయల్దేరినవాడు పొద్దున్నే కొండమీద దిగి, బురుజు ముందు నాలుగు ఫొటోలు తీసుకుని, భోజనం వేళకి ఇంటికి చేరిపోతున్నాడు. ఆ ప్రయాణాన్ని తప్పు పట్టను. ఎండలో మోకాళ్లు అరగదీసుకోనక్కర్లేదు, పిల్లలకీ సరదా. కాకపోతే అలా వెళ్లినవాడికి కనపడేవి రాళ్లే. కొండవీడు నన్నడిగితే నీళ్ల ఊరు. కింద ఒక సాగరం తవ్వారు, దాన్ని నింపడానికి ఒక కాలువ తెచ్చారు, కొండమీద మూడు చెరువులు కట్టారు. కింద చేసిన పనిని శాసనాలకెక్కించారు. ఆ శాసనాలు రాసినవాడు మామూలువాడా, శ్రీనాథుడు. ఈ నీళ్ల దారి పట్టుకుని కింది నుంచి పైకి నడిస్తే రెడ్డిరాజుల రాజధాని ఎలా బతికిందో అర్థమవుతుంది. బురుజులు ఆ తర్వాత చూసుకోవచ్చు.

గైడు లేకుండా, మ్యాపు ఒక్కటి పట్టుకుని పాత ఊళ్లు తిరిగే అలవాటు నాకు జర్మనీలో అబ్బింది. మా అబ్బాయి ఉద్యోగం అక్కడ. దేశానికి దక్షిణపు కొసన, స్విట్జర్లాండ్ సరిహద్దుని ఆనుకుని, బోడెన్ సరస్సు ఒడ్డున కాన్‌స్టాన్స్ అని ఒక పాత ఊరుంది. రైలు దిగి నాలుగడుగులు వేస్తే పడవల రేవు. రేవు పక్కనే 1388లో సరుకులు దాచుకోవడానికి కట్టిన పెద్ద గిడ్డంగి. ఆ గిడ్డంగికి క్రైస్తవ చరిత్రలో గొప్ప చోటుంది. 1414 నుంచి 1418 వరకు ఆ ఊళ్లో ఒక మహాసభ జరిగింది. అప్పటికి పోపులం మేమంటే మేమని ముగ్గురు కొట్లాడుకుంటున్నారు. ఆ తగాదా తీర్చి 1417లో ఒకే పోపుని ఎన్నుకున్నది ఆ గిడ్డంగిలోనే. ఆ సభే 1415 జూలై 6న యాన్ హుస్ అనే చెక్ మతగురువుకి మరణశిక్ష వేయించింది. ఊరి బయట ఆయన్ని సజీవంగా కాల్చేశారు. కాల్చిన చోట ఇప్పుడొక పెద్ద బండరాయి నిలబెట్టి ఉంది. ఇవన్నీ ఎవరూ వెంట నడిచి చెప్పలేదు. గోడల మీద పలకలున్నాయి, వీధి మలుపుల్లో బాణం గుర్తులున్నాయి. ఒక పూటలో ఊరంతా తిరిగొచ్చాను.

ఆ బండరాయి దగ్గర 1415 అన్న అంకె చదవగానే నాకు అమీనాబాద్ గుర్తొచ్చింది. మన దగ్గర అదే 1415కి లెక్కకొచ్చే శక సంవత్సరం 1337లో కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి కొడుకు రాచవేముడు ఒక కాలువ తవ్వించాడు. ఆ కాలువ సంగతి అమీనాబాద్ శాసనంలో ఉంది. అక్కడ మనిషిని తగలబెట్టిన ఏడు ఇక్కడ చెరువుకి నీళ్లు మళ్లించారు అని గొప్పలు పోవడానికి చెప్పడం లేదు. మన రాజులు తలలు తీయకపోలేదు. ఆ సంగతీ ముందు వస్తుంది. కాన్‌స్టాన్స్‌లో ఆ ఏడాదిని వెతుక్కుంటూ వెళితే బండరాయీ పలకా ఉన్నాయి, మన ఏడాదిని వెతుక్కుంటూ మనవాళ్లు ఎవరైనా వెళతారా అన్నదే నా ప్రశ్న. జనవరి చివర్లో నేను వెళ్లాను.

గుంటూరు నుంచి నరసరావుపేట బస్సులు ఫిరంగిపురం మీదుగా పోతాయి. నంద్యాల వైపు వెళ్లే రైలుమార్గంలో అక్కడ స్టేషను కూడా ఉంది. ఊరు దిగగానే చర్చి గోపురాలు, వాటి వెనక కొండవీటి కొండల వరస. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరి పేరు ఇంకో కారణానికి వస్తుంది. శక 1331, అంటే 1409 నాటి ఫిరంగిపురం శాసనం పెదకోమటి వేముడి రాణి సూరాంబ ఒక చెరువు తవ్వించిందని చెబుతుంది. ఆ చెరువు పేరు సంతానసాగరం. దాన్ని నింపడానికే ఆరేళ్ల తర్వాత కొడుకు కాలువ తెచ్చాడు. ఆ కాలువ పేరు జగనొబ్బగండ కాలువ. తల్లి చెరువు, కొడుకు కాలువ, ఆస్థాన విద్యాధికారి శ్రీనాథుడి పద్యాలు. నైషధం రాసిన చేత్తోనే చెరువు పద్యం, కాలువ పద్యం రాశాడాయన. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. శ్రీనాథుడంటే కనకాభిషేకం, చాటువులు, పల్నాటి జొన్నకూటి మీద విసుర్లు, ఇవే మనకి మిగిలాయి. నీటిపారుదల పనికి కవిత్వం రాసిన ప్రభుత్వోద్యోగిగా ఆయన్ని ఎవరూ పరిచయం చేయరు.

ఫిరంగిపురం నుంచి అమీనాబాద్ దారిలో రెండు పక్కలా మిరప, పత్తి. ఆ నెలలో పత్తి చివరి తీతలో ఉంటుంది, మిరప కల్లాలకెక్కుతుంది. రోడ్డు పక్కన ఒక కల్లంలో ఆగాను. నల్లరేగడి నేలని చదును చేసి, బరకాలు పరిచి, వాటి మీద జానెడు మందాన కాయ ఆరబోశారు. నలుగురైదుగురు ఆడవాళ్లు ముక్కుకి చెంగులు కట్టుకుని తాలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబారిన కాయని ఇక్కడ తాలు అంటారు. గుంటూరు మిర్చియార్డులో దాని ధర వేరు, ఎర్రకాయ ధర వేరు. ఆ ఏరివేతలోనే రైతు లాభనష్టాలు తేలిపోతాయి. చూపు పైకెత్తకుండా, చేతులు మాత్రం ఆడిస్తూ, ఏరిన తాలు పక్కన గంపలో వేస్తున్నారు. ఎండిన కాయ చేతికి తగిలితే గలగలమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు రాకపోతే ఇంకా ఒక ఎండ పడాలన్నమాట. తొందరపడి తడికాయ గోనె టిక్కీల్లో తొక్కితే లోపల బూజు పట్టి మొత్తం దెబ్బతింటుంది. నేను నిలబడిన కాసేపట్లోనే రెండుసార్లు తుమ్మాను.

"యాడికి బోతున్నారు బాబూ?" అని అందరిలోకీ పెద్దామె అడిగింది.

"అమీనాబాద్‌లో పాత శాసనం ఉందంట, చూద్దామని."

"రాతి మీద రాతలా? అమ్మవారి గుడికాడ అడుగు, చెప్తారు." కాసేపాగి, "ఏముంటది దాంట్లో?" అంది.

"మీ చెరువుకి నీళ్లెవరు తెచ్చారో ఉంటుంది."

"సాగర్ నీళ్లేగా" అందామె. "మేజరుకి నీళ్లొస్తే మిరప, రాకపోతే పత్తి. ఇంకేవుంది."

ఆమె మాటలో తప్పులేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. ఆ ప్రాజెక్టు కుడి కాలువకి ఆయన పేరే పెట్టారు, జవహర్ కాలువ. గుంటూరు, ప్రకాశం మెట్టపొలాల తలరాత మార్చింది ఆ కాలువే. అంతకుముందు ఈ నల్లరేగడి వానని నమ్ముకుని బతికింది. వాన ఎప్పుడు కురిసినా కురవకపోయినా తాగడానికీ, గుడికీ, తోటకీ కాసిని నీళ్లు నిలవ ఉంచిన ఏర్పాటు మాత్రం ఈ చెరువులదే. ఆరువందల ఏళ్ల కిందట ఇక్కడ పాలించినవాళ్లకి ఆ సంగతి తెలుసు.

అమీనాబాద్ గుట్ట మీద మూలాంకురేశ్వరి అమ్మవారి గుడి ఉంది. రెడ్డిరాజుల కులదేవత మూలగూరమ్మ ఈమేనంటారు. మెట్లెక్కి పైన నిలబడితే ఒకవైపు కొండవీటి కోట ఉన్న కొండ, ఇంకోవైపు చేలు. సంతానసాగరం ఏదని ఊళ్లో అడిగితే ఇద్దరు మనుషులు నాకు రెండు వేర్వేరు చెరువులు చూపించారు. ఇద్దరూ గట్టిగానే చెప్పారు. నేను వాదించలేదు. కట్ట మీద కాసేపు నడిచాను. తూముల దగ్గర గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. ఒక పిల్లవాడు గేదెల్ని నీళ్లలోకి తోలి తను మాత్రం ఒడ్డున ఫోను చూసుకుంటున్నాడు.

కాలువ తవ్వించిన రాచవేముడి గురించి ఇక్కడే చెప్పుకోవాలి. తండ్రి 1420లో పోయాక రాజయ్యాడు. నాలుగేళ్లు ఏలాడు. ఆ నాలుగేళ్లలో జనం గుర్తుపెట్టుకున్నది ఒక్క పనే, పురిటి సుంకం. ఇంట్లో బిడ్డ పుడితే పన్ను కట్టాలట. ఆ సుంకం భరించలేక సవరం ఎల్లయ్య అనేవాడు రాజుని పొడిచి చంపాడని కొండవీటి కైఫీయతు, దండకవిలెల సంప్రదాయం చెబుతుంది. తల్లి చెరువుకేమో సంతానసాగరమని పేరు, కొడుకేమో సంతానం మీద పన్ను! ఇది కథే కావచ్చు, మల్లంపల్లి సోమశేఖరశర్మ గారిలాంటి చరిత్రకారులు ఇలాంటి కథల్ని శాసనాల పక్కన పెట్టి జాగ్రత్తగా తూచారు. ఆయన రాసిన రెడ్డిరాజ్యాల చరిత్ర 1948లో ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని చదివి వెళ్లినవాడికి వేరే గైడు అక్కర్లేదు. ఒకటి మాత్రం నిజం. 1415లో రాతి మీద పద్యంగా నిలిచిన మనిషి పదేళ్లు తిరక్కుండా కత్తిపోటు కథగా మిగిలాడు. 1424తో కొండవీటి రెడ్డిరాజ్యం ముగిసింది.

అమీనాబాద్ నుంచి కొండవీడు గ్రామానికి ఆటో మాట్లాడుకున్నాను. ఇది గుంటూరు, పల్నాడు జిల్లాల సరిహద్దు దారి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఫిరంగిపురం గుంటూరులో ఉండిపోయింది, కోట ఉన్న ఎడ్లపాడు మండలం పల్నాడులో చేరింది. చెరువు ఒక జిల్లాలో, కోట ఒక జిల్లాలో. కొండకింద గోపీనాథస్వామి గుడి చూడాలి. జనం నోట్లో దాని పేరు కత్తుల బావి. డెబ్బైరెండు మంది పాలెగాళ్లని విందుకి పిలిచి, ఒక్కొక్కర్నీ లోపలికి పంపి, కత్తులు నాటిన బావిలో పడేసి చంపారని కథ. చంపించిందెవరన్నది చెప్పేవాణ్ని బట్టి మారుతుంది. గుడి చుట్టూ కోటగోడలాంటి ప్రహరీ, లోపల స్తంభాల మండపం. కథ ఎంత భయంకరంగా ఉన్నా మండపంలో మాత్రం చల్లగా ఉంది. అక్కడే సద్ది విప్పుకున్నాను.

వచ్చేవాళ్లు దగ్గర్లోని చెంగిజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్ద కృష్ణుణ్ని కూడా చూస్తారు. నాకా రోజు వీలవలేదు.

ఘాట్ రోడ్డు ఉన్నా నేను పాత దారినే ఎక్కాను. కార్లో ఎక్కితే రోడ్డు కనపడుతుంది, నడిస్తే కొండ కనపడుతుంది. వానొచ్చినప్పుడు నీళ్లు ఏ వాలు నుంచి ఏ వాలుకి జారతాయో, ఏ చరియ మీద చారలు పడ్డాయో కాళ్లతో ఎక్కేవాడికే తెలుస్తుంది. రెండు కొండభుజాల మధ్య ఉన్న పల్లాన్ని చూసి, ఇక్కడ కట్ట వేస్తే చెరువవుతుందని మొదట కనిపెట్టినవాడెవడో గాని వాడికి దండం పెట్టాలి. కోట కట్టడానికి రాజులు కావాలి. చెరువు కట్టడానికి ముందు నీరు పారే తీరు తెలిసినవాడు కావాలి.

పైన మూడు చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. మూడూ వాననీటివే. ఒకటి నిండితే మిగులు నీరు ఇంకోదానికి పోయేట్టు అమర్చారు. మొదటి చెరువు గట్టున నిలబడి చూస్తే ఈ అమరిక తెలివి అర్థమవుతుంది. కొండమీద వాన నాలుగు రోజులు పడుతుంది, గంటలో జారిపోతుంది. ఒకటే పెద్ద చెరువు కడితే కట్ట మీద బరువంతా ఒక్కసారే పడుతుంది. తెగిందంటే కోటలో బొట్టు నీరు మిగలదు. మూడు చోట్ల ఆపితే ఒక కట్ట తెగినా రెండు మిగులుతాయి. బండలు పేర్చిన కట్ట లోపలి వైపు మెట్లు మెట్లుగా నీళ్లలోకి దిగింది. ఆ మెట్ల మీద ఆరువందల ఏళ్లుగా బిందెలు ముంచిన చోట రాళ్లు నున్నబడ్డాయో, లేక అది నా ఊహో చెప్పలేను గాని, ఒక రాతి అంచు మాత్రం చేత్తో తడిమితే సబ్బుబిళ్లలా అరిగి ఉంది.

చెరువుల చుట్టూ తిరిగితే కోట మిగతా భాగాలన్నీ వాటంతటవే ఎదురవుతాయి. ఊరు నీటి చుట్టూనే పెరిగింది మరి. గుళ్లున్నాయి, మండపాలున్నాయి, నేతికొట్టు అని చూపించే గది ఉంది, తారాబురుజు, జెట్టిబురుజు లాంటి పేర్లతో బురుజులున్నాయి. వేమన ఈ రెడ్డిరాజుల ఇంటివాడేనన్న నమ్మకం ఒకటి బలంగా ఉంది కాబట్టి ఆయన పేరు కూడా ఇక్కడ వినపడుతుంది. చరిత్రకారులు ఒప్పుకోకపోయినా జనం వదల్లేదు. బురుజుల గురించి పేజీలు పేజీలు రాసినవాళ్లు ఉన్నారు, నేను రాయను. ఇలాంటి కోటని దాహంతో లొంగదీయడం కష్టమన్న ఒక్క మాట చెబుతాను. 1515లో కృష్ణదేవరాయలు వచ్చి ముట్టడి వేసినప్పుడు లోపల ఒడిశా గజపతి కొడుకు వీరభద్రుడున్నాడు. కోట పడింది, వీరభద్రుడు పట్టుబడ్డాడు. రాయలు ఇక్కణ్నుంచి అమరావతి వెళ్లి అమరేశ్వరుడికి దానాలు చేశాడు. నాదెండ్ల గోపమంత్రి కొండవీటికి అధికారి అయ్యాడు. ఆ తర్వాత కుతుబ్‌షాహీలు, వాళ్ల కాలంలో ఈ సీమకి ముర్తజానగరమన్న పేరు, ఆపైన ఫ్రెంచివాళ్లు, 1788లో కుంఫిణీ. కొండ దిగి రాజధాని గుంటూరుకి మారిపోయాక పైన చెరువులకి దిక్కులేకుండా పోయింది.

కొండమీద గాలికి కూర్చున్నప్పుడు నాకు మళ్లీ కాన్‌స్టాన్స్ రేవే గుర్తొచ్చింది. అక్కడ నీళ్ల మధ్య ఒక పెద్ద ఆడమనిషి విగ్రహం ఉంటుంది. పేరు ఇంపీరియా. 1993లో పీటర్ లెంక్ అనే శిల్పి పెట్టాడు. తొమ్మిది మీటర్ల ఎత్తు, తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఒక అరచేతిలో పోపు కిరీటం పెట్టుకున్న బక్కమనిషి, ఇంకో అరచేతిలో రాజకిరీటం పెట్టుకున్న బక్కమనిషి. ఇద్దరికీ ఒంటి మీద గుడ్డల్లేవు. మహాసభకి వచ్చిన పెద్దలంతా ఒక వేశ్య చేతిలో కీలుబొమ్మలయ్యారన్న ఫ్రెంచి రచయిత బాల్జాక్ కథని పట్టుకుని చెక్కిన వెక్కిరింత అది. ఇంపీరియా పేరుతో నిజంగా ఒకామె ఉండేది గాని ఆమె ఆ సభ జరిగిన చాలా ఏళ్లకి ఇటలీలో పుట్టింది. ఊరి చరిత్రతో ఆమెకి సంబంధమే లేదు. విగ్రహం పెట్టిన మొదట్లో ఊళ్లో పెద్దగొడవే జరిగింది. ఇప్పుడు ఆ ఊరికి గుర్తు ఆవిడే.

మనకి లకుమ ఉంది. కుమారగిరిరెడ్డి 1386 నుంచి 1402 వరకు ఏలినవాడు, కర్పూర వసంతరాయలన్న బిరుదున్నవాడు. ఏటా వసంతోత్సవం చేయించి కర్పూరం, గంధం గాలిలో చల్లించేవాడు. నాట్యం మీద వసంతరాజీయం అనే గ్రంథం రాశాడు, అది మనకి దొరకలేదు. ఆయన సభలో లకుమాదేవి ఉండేదని ఆయన బావమరిది కాటయవేముడు రాసిన సంస్కృత శ్లోకం ఒకటుంది. చరిత్రలో ఆమెకున్న చోటు అంతే. ఆమె ప్రేమ, ఆమె త్యాగం అని ఈనాడు మనం చెప్పుకునేదంతా చాలావరకు సి. నారాయణరెడ్డి గారి కర్పూర వసంతరాయలు కావ్యం ఇచ్చింది. రెండు ఊళ్లలోనూ చరిత్ర రాసుకోని ఆడమనిషిని సాహిత్యం తెచ్చి నిలబెట్టింది. తేడా ఏమిటంటే వాళ్లు తమ ఆడమనిషి చేత పెద్దల్ని వెక్కిరించారు, మనవాళ్లు మన లకుమ చేత ప్రాణత్యాగం చేయించారు. నాకు ఇంపీరియానే నచ్చింది.

ఆ కర్పూరం ఎక్కణ్నుంచి వచ్చింది? ఇక్కడ కాన్‌స్టాన్స్ గిడ్డంగికి సరిజోడు దొరుకుతుంది. రాజుకి సరుకులు తెప్పించిపెట్టినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెప్పించాడని ఆ కావ్యం అవతారికలో కవి లెక్కచెప్పాడు. ఆ ఓడలు ఆగిన రేవు మోటుపల్లి, చినగంజాం దగ్గర. అక్కడ 1358లో అనవోతారెడ్డి వేయించిన శాసనం సముద్రవ్యాపారులకి సుంకాల రాయితీ ఇచ్చి, ఏ దేశపు వర్తకుడైనా వచ్చి ఉండొచ్చని అభయమిచ్చింది. తెలుగు, సంస్కృతం, తమిళం మూడింట్లో రాయించాడు, వచ్చేవాళ్లకి అర్థమవ్వాలి కదా. రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి మార్చింది కూడా ఆయనే. రేవు సముద్రతీరాన, ఖజానా కొండమీద. ఈనాడు ఆ రేవులో ఓడల్లేవు. మన సరుకు మిరపకాయ గుంటూరు యార్డు నుంచి చీనాకి పోతూనే ఉంది. అప్పుడు అక్కణ్నుంచి పట్టు వచ్చేది, ఇప్పుడు ఇక్కణ్నుంచి తేజ రకం పోతోంది. తిప్పయసెట్టి బతికుంటే కోల్డ్ స్టోరేజీలు కట్టి ఉండేవాడు.

మన కథలో పోపు లేడు గాని, కవి అవస్థ ఉంది. రెడ్డిరాజ్యం పోయాక శ్రీనాథుడు చాలా చోట్ల తిరిగాడు. రాజమహేంద్రవరంలో మంచి రోజులు చూశాడు. ఆ తర్వాత బొడ్డుపల్లెలో పొలం గుత్తకి తీసుకుంటే కృష్ణమ్మ వరదొచ్చి పంట ఊడ్చుకుపోయిందనీ, గుత్త డబ్బు కట్టలేక అవమానాలు పడ్డాడనీ చాటువులు చెబుతాయి. చాటువుల్ని ఎంతవరకు నమ్మాలో ఎవరి ఇష్టం వాళ్లది. నమ్మితే మాత్రం చెరువుకీ కాలువకీ పద్యాలు రాసిన మనిషిని చివరికి నీళ్లే ముంచాయి. కౌలురైతు కష్టం ఈ జిల్లాల్లో ఆయనతోనే మొదలవలేదు, ఆయనతో ఆగిపోనూ లేదు.

దిగేటప్పుడు దారి చూపించమని ఎవర్నీ అడగాల్సిన పని లేదు. నీళ్లు దిగే దారిన దిగితే ఊరొస్తుంది. కొండమీది వాన ఒక్క అమీనాబాద్ వైపే పోదు. ఈ కొండల్లో పుట్టిన ఇంకో నీటిదారి కొండవీటి వాగు. అది ఉత్తరానికి తిరిగి, పల్లపు పొలాల గుండా పోయి, ఇప్పటి రాజధాని అమరావతి ప్రాంతాన్ని దాటి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వానాకాలంలో కృష్ణ నిండుగా ఉంటే వాగు నీళ్లు నదిలోకి పోలేక వెనక్కి ఎగదన్ని పొలాలు ముంచేవి. 2015లో కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగినప్పుడు మొదట ఎదురొచ్చిన చిక్కుల్లో ఇదొకటి. పాత రాజధాని కొండమీద పడ్డ వాన కొత్త రాజధాని వీధుల్లోకి రాకుండా ఆపాలి. అందుకే ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం కట్టి 2018 సెప్టెంబరులో ప్రారంభించారు. సెకనుకి 5,000 ఘనపుటడుగుల నీటిని మోటార్లతో ఎత్తి కృష్ణలో పోస్తారు. ఆరువందల ఏళ్ల కిందట పనంతా నీటిని ఆపడం, ఇప్పుడు పనంతా నీటిని తోడి పారబోయడం. పైన మూడు చెరువులూ పూడిక తీసి నిండుగా నిలబెడితే ఆ మోటార్ల బరువు తగ్గిపోతుందని నేను చెప్పను. లెక్కలు కట్టాల్సింది ఇంజనీర్లు. కొండమీద ఆగాల్సిన నీటిని కొండమీద ఆపాలన్న తెలివి మాత్రం అక్కడ రాళ్లలో కట్టి ఉంది, చూసిరావచ్చు.

ఈ దారిన వెళదామనుకునేవాళ్లకి నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. వానలు వెనక్కి తగ్గాక చెరువులు నిండుగా ఉంటాయి, కల్లాలు చూడాలంటే జనవరి చివర్లో వెళ్లాలి. ఎండాకాలంలో మాత్రం వద్దు. ఫిరంగిపురంలో పొద్దున్నే దిగి అమీనాబాద్ చూసుకుని, కొండ కింద గోపీనాథుడి గుళ్లో భోంచేసి, మధ్యాహ్నం ఎండ తగ్గాక ఎక్కితే సాయంత్రం దాకా పైన ఉండొచ్చు. తాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సీసాలు చెరువు గట్టున వదలొద్దు. అడవి భూమి కాబట్టి చీకటి పడకముందే దిగిపోండి.

పెద్దలకి ఒక విన్నపం. అమీనాబాద్ శాసనం తెలుగు పాఠం, దాని కింద మామూలు తెలుగులో నాలుగు వాక్యాల అర్థం రాసి ఒక పలక పెట్టించండి. నేను నడిచిన దారిలో ఎక్కడా అలాంటిది కనపడలేదు. కొండమీద మూడు చెరువుల దగ్గర ఒక్కో పలక, ఫిరంగిపురం స్టేషన్లో ఒక మ్యాపు పెడితే చాలు. ఖర్చు ఒక కల్యాణమండపం గేటు ఖర్చంత కూడా కాదు. శ్రీనాథుడు రాసిన పద్యం రాతి మీద ఉండి, దాన్ని తాలు ఏరే పెద్దామె చదవలేకపోతే ఆ తప్పు ఆమెది కాదు.